కొత్తవారి చేయి పట్టుకొనేది ఎవరు?
ఫ్రైబర్గ్ విద్యార్థి సంఘాల చరిత్ర నుంచి కొన్ని పాఠాలు

విశ్వవిద్యాలయాల చరిత్ర రాసేవారు సాధారణంగా రాజుల శాసనాలను గురించి, గొప్ప ఆచార్యులను గురించి, కట్టడాలను గురించి రాస్తారు. కొత్తగా చేరిన విద్యార్థిని మొదటి వారంలో చేయి పట్టుకొని నడిపించినది ఎవరు, వారిని ఆ పనికి ఎంపిక చేసినది ఎవరు అన్న సంగతి ఆ పుస్తకాలలో ఏ మూలనో తప్ప కనిపించదు. అది చాలా చిన్న విషయమని మనం అనుకుంటాము. కాని బడిపంతుళ్ళమైన మాకు తెలిసిన సత్యం ఒకటి ఉంది. బడిలో చేరిన మొదటి రోజున పిల్లవాడి పక్కన ఎవరిని కూర్చోబెట్టామన్న దానిమీద ఆ పిల్లవాడి సంవత్సరమంతా ఆధారపడి ఉంటుంది. పెద్ద చదువులకు వచ్చిన వారి విషయమూ అంతే.

మేముండే ఫ్రైబర్గ్ ఊరిలో ఈ ప్రశ్నకు ఐదున్నర శతాబ్దాల చరిత్ర ఉన్నది. ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క రకం జవాబు వచ్చింది. ఆ జవాబులన్నిటినీ వరుసగా చూస్తే, విదేశాలలో సంఘాలు పెట్టుకొని ఏటా కొత్తవారిని ఆహ్వానించే మనకు కూడా పనికివచ్చే మాట ఒకటి దొరుకుతుందని మా నమ్మకం.

కొమ్ములు కోసే పండుగ

ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయాన్ని హాబ్స్‌బర్గ్ వంశానికి చెందిన ఆర్చ్‌డ్యూక్ ఆరవ ఆల్‌బ్రెక్ట్ 1457లో స్థాపించాడు. పాఠాలు 1460లో మొదలయ్యాయి. ఆ కాలంలో విద్యార్థులు ‘బుర్స’ అనే ఇళ్ళలో ఒక గురువు అజమాయిషీలో కలిసి ఉండి, కలిసి తిని, చదువుకునేవారు. ఒక విధంగా మన గురుకులం వంటిదే, డబ్బు కట్టి ఉండే గురుకులం అన్నమాట. విద్యార్థిని ‘బుర్ష్’ అనే జర్మన్ మాట ఈ ‘బుర్స’ నుంచే పుట్టింది. పేద విద్యార్థుల కోసం యోహాన్నెస్ కేరర్ అనే మతాచార్యుడు ఇదే ఊళ్ళో ‘జ్ఞానగృహం’ అనే వసతిగృహాన్ని ఏర్పరచాడు. 1497లో దానికోసం అతడు రాయించిన నిబంధనల పుస్తకంలో విద్యార్థి జీవితాన్ని రంగు బొమ్మలలో చూపించారు. ఆ చేతిరాత ప్రతి నేటికీ నిలిచి ఉన్నది.

నిబంధనలు ఎంత చక్కగా ఉన్నా కొత్తవాడి మొదటి అనుభవం వేరుగా ఉండేది. జర్మన్ విశ్వవిద్యాలయాలలో కొత్తగా వచ్చినవాడిని ‘బేయానుస్’ అనేవారు. పసుపు ముక్కు పిట్టపిల్ల అని దాని అర్థం. వాడు ఇంకా మనిషి కాలేదు, పశువు అని భావించి ఒక తంతు జరిపేవారు. తలకు కొమ్ముల టోపీ పెట్టి ఆ కొమ్ములను రంపంతో కోసేవారు. నోట్లో పంది కోరలు పెట్టి పట్టకారుతో లాగేవారు. వడ్రంగి చిత్రిక పట్టినట్లు ఒంటికి చిత్రిక పట్టేవారు. ఆ ఖర్చంతా ఆ కొత్తవాడే భరించాలి, ఆపైన అందరికీ విందు పెట్టాలి. పదిహేడవ శతాబ్దం వచ్చేసరికి ఇది మరింత ముదిరి, పాతవాళ్ళు ఏడాది పొడుగునా కొత్తవాళ్ళ చేత ఊడిగం చేయించుకోవడం, వారి బట్టలు, డబ్బు లాక్కోవడం వరకు పోయింది. చివరికి ప్రభుత్వాలు కల్పించుకొని నిషేధించవలసి వచ్చింది. ర్యాగింగు అనేది ఏదో ఈనాటి రోగమనీ, సినిమాలు చూసి నేర్చుకున్నదనీ అనుకునేవారు ఈ సంగతి గమనించాలి. కొత్తవాడికి దారి చూపే మనిషిని ఎవరూ ఎంపిక చేయని చోట, ముందుగా వచ్చినవాడే దొర అవుతాడు.

నక్కలు, నక్క తోకలు

పందొమ్మిదవ శతాబ్దంలో రంగు పట్టీలు, రంగు టోపీలు ధరించే విద్యార్థి సంఘాలు తలెత్తాయి. మా ఊళ్ళో రెనానియా అనే సంఘం 1812లో, సుయేవియా 1815లో పుట్టాయి. కత్తి పోటీలను వ్యతిరేకించిన కేథలిక్ విద్యార్థులు 1873లో హెర్ట్సీనియా అనే సంఘాన్ని పెట్టుకున్నారు. వీటిలో చేరిన కొత్తవాడిని ‘ఫుక్స్’ అంటారు, అంటే నక్క. సాధారణంగా రెండు సెమిస్టర్లపాటు వాడు నక్కగానే ఉండాలి. ఆ తరువాతనే పూర్తి సభ్యుడైన ‘బుర్ష్’ అవుతాడు.

ఈ నక్కల సంరక్షణకు ఆ సంఘాలు రెండు రకాల మార్గదర్శులను ఏర్పరచుకున్నాయి. మొదటివాడు ‘ఫుక్స్‌మాయోర్’. పూర్తి సభ్యులు సభ జరిపి ఓట్లు వేసి ఇతడిని ఎన్నుకుంటారు. సంఘ చరిత్ర, నియమాలు, పాటలు, సభలో నడుచుకోవలసిన తీరు కొత్తవారికి నేర్పడం ఇతడి పని. గుర్తుగా ఇతడి టోపీకి నక్క తోకలు వేలాడుతుంటాయి. మన తెలుగువారు అదృష్టం కలిసివస్తే నక్క తోక తొక్కాడంటారు. ఇక్కడి నక్కల అదృష్టమేమిటో గాని, ఆ తోకలు తమ నాయకుడి తలమీదనే ఉన్నాయి.

రెండవవాడు ‘లైబ్‌బుర్ష్’. ఇతడిని సభ ఎన్నుకోదు. కొత్తవాడు కొంతకాలం అందరినీ గమనించి, పాత సభ్యులలో తనకు నచ్చిన ఒకరిని తానే అడుగుతాడు. ఆయన ఒప్పుకుంటే ఇద్దరి మధ్య అన్నదమ్ముల వంటి బంధం ఏర్పడుతుంది. తరువాత ఆ కొత్తవాడినే మరొకడు అడుగుతాడు. అట్లా ఒక వంశవృక్షమే పెరుగుతుంది. చదువు, డబ్బు ఇబ్బందులు, ఇంటి బెంగ, ఇవన్నీ చెప్పుకొనేది ఈ అన్నగారితోనే.

ఈ ఏర్పాటులో ఒక తెలివి ఉందని మేము ఒప్పుకుంటాము. నియమాలు నేర్పేవాడిని ఇల్లు ఎంచుకుంటుంది. మనసు విప్పి మాట్లాడే మనిషిని కొత్తవాడు ఎంచుకుంటాడు. రెండు పనులూ ఒకే మనిషి చేతిలో పెట్టలేదు.

కాని దీనిలో లోటు కూడా ఉన్నది. ఇద్దరూ ఆ ఇంటివారే. ఇంట్లో అడుగుపెట్టక ముందు, ఏ ఇల్లు మంచిదో, అసలు ఏ ఇల్లైనా తనకు అవసరమో లేదో కొత్తవాడికి చెప్పే మనిషి లేడు. సంఘాలు కొత్తవారిని ఆకర్షించే పనిని జర్మన్‌లో మేకు దిగగొట్టడం అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. అద్దె గది దొరకడం కష్టమైన ఊళ్ళో చవకగా గది ఇస్తామనడం ఆ మేకులలో ఒకటి. ఇంతకంటే పెద్ద లోటు, ఆ తలుపులు అందరికీ తెరుచుకోకపోవడం. స్త్రీలకు చోటు లేదు. ఒకప్పుడు చాలా సంఘాలలో యూదులకు కూడా చోటు ఉండేది కాదు.

ఇల్లు లేని విద్యార్థినులు

ఫ్రైబర్గ్‌కు జర్మనీ స్త్రీవిద్య చరిత్రలో గొప్ప స్థానం ఉన్నది. 1893లో కార్ల్‌స్రూహే నగరంలో జర్మనీలోనే మొదటి బాలికల జిమ్నేజియం, అంటే విశ్వవిద్యాలయ ప్రవేశానికి సిద్ధం చేసే ఉన్నత పాఠశాల ఏర్పడింది. అక్కడ 1899లో ఉత్తీర్ణులైన మొదటి జట్టులో యోహాన్నా కాపెస్ అనే అమ్మాయి ఉన్నది. ఆమె ఫ్రైబర్గ్‌లో వైద్యం చదవడానికి వచ్చింది. అప్పటి పద్ధతి ప్రకారం స్త్రీలు పాఠాలు వినవచ్చును గాని విద్యార్థులుగా నమోదు కాకూడదు. ఆమె ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నది. 1900 ఫిబ్రవరి 28న బాడెన్ ప్రభుత్వం స్త్రీలకు పూర్తి ప్రవేశం ఇస్తూ ఉత్తరువు చేసింది. అప్పటికే నడుస్తున్న శీతకాలపు సెమిస్టరుకు కూడా దాన్ని వర్తింపజేశారు. ఈ విధంగా ఫ్రైబర్గ్, హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయాలు జర్మనీలో ముందు నిలిచాయి. ప్రష్యా రాజ్యం ఈ మెట్టు ఎక్కడానికి 1908 దాకా పట్టింది.

చట్టం తలుపు తెరిచింది. మరి చేయి పట్టుకొనేవారు? నక్క తోకల నాయకులు వారికి లేరు. ముందు సంవత్సరం వచ్చిన అమ్మాయే తరువాత వచ్చిన అమ్మాయికి దిక్కు. అద్దెకు గది ఎవరు ఇస్తారు, ఏ ఆచార్యుడు తరగతిలో స్త్రీలను చూసి ముఖం చిట్లించడు, ఇవన్నీ ఒకరికొకరు చెప్పుకోవలసిన విషయాలు. క్రమంగా విద్యార్థినులు సొంత సంఘాలు పెట్టుకున్నారు. 1906లో వివిధ ఊళ్ళలోని ఆ సంఘాలు ఒక సమాఖ్యగా కూడాయి. 1907లో ఏర్పడిన హిల్డెగార్డిస్ సంఘం కేథలిక్ విద్యార్థినులకు వడ్డీలేని అప్పులు ఇచ్చి చదివించింది.

కొత్తవారికి దారి చూపడం అనే మాట వచ్చినప్పుడు ఫ్రైబర్గ్ చరిత్రలో మాకు ముందుగా గుర్తుకు వచ్చే పేరు ఎడిత్ స్టైన్. ఆమె 1916లో ఈ ఊళ్ళోనే డాక్టరేటు పుచ్చుకొని, తత్త్వవేత్త ఎడ్ముండ్ హుస్సెర్ల్‌కు సహాయకురాలైంది. ఆయన పాఠాలు అర్థం కాక తికమకపడే కొత్త విద్యార్థులకు తొలి మెట్లు నేర్పే బాధ్యత ఆమెది. ఆ తరగతిని ఆమె సరదాగా తత్త్వశాస్త్రపు శిశుతరగతి అనేది. ఇంత పనిచేసిన ఆమెకు స్త్రీ అన్న కారణంగా ఆచార్య పదవికి దారి మూసివేశారు. ఆమె ఊరుకోలేదు. ఆమె ఫిర్యాదు మీదనే, స్త్రీ కావడం ఆచార్య పదవికి అడ్డు కాకూడదని ప్రష్యా మంత్రిత్వశాఖ 1920లో ప్రకటించింది. అయినా ఆమెకు ఆ పదవి దక్కలేదు. యూదు కుటుంబంలో పుట్టినందుకు 1942 ఆగస్టులో ఆష్‌విట్స్‌లో ఆమెను చంపివేశారు.

పైనుంచి వచ్చిన మార్గదర్శి

1933లో మార్గదర్శులను ఎన్నుకోవడం అనే పద్ధతికే ముగింపు వచ్చింది. నాయకుడిని పైవాడు నియమిస్తాడు, కిందివాడు అనుసరిస్తాడు అనే సూత్రం దేశమంతటా అమలైంది. ఏప్రిల్ 25న వచ్చిన చట్టం విద్యాలయాలలో యూదు విద్యార్థుల సంఖ్యకు హద్దు పెట్టింది. ఆ వేసవిలోనే మా ఊళ్ళో యూదు విద్యార్థుల సంఘమైన నియో-ఫ్రిబుర్గియా ఇంటిపై నాజీలు దాడి చేశారు. విద్యార్థి నాయకులు పార్టీ నియమించినవారే. విద్యార్థినుల కోసం కూడా పార్టీ తన సొంత శాఖను నడిపింది. పాత సంఘాలలో కొన్ని ఉత్సాహంగా యూదు సభ్యులను బయటికి పంపాయి, కొన్ని వెనకాడాయి. చివరకు అందరికీ ఒకే గతి పట్టింది. కత్తి సంఘాల సమాఖ్యలు 1935 ప్రాంతంలో రద్దయ్యాయి. కేథలిక్ సంఘాలను 1938లో నిషేధించారు. యుద్ధం ముగిసిన తరువాతనే అవి మళ్ళీ ప్రాణం పోసుకున్నాయి.

ఈ అధ్యాయం చెప్పే పాఠం సులభమైనదే. దారి చూపే మనిషిని అధికారం నియమిస్తే, ఆ మనిషి చేతిలోని లాంతరు కొత్తవారికి దారి చూపడానికి కాక, వారి ముఖాలను పరీక్షించడానికి పనికివస్తుంది.

ఇటీవలి కాలంలో ఇందుకు పూర్తిగా విరుద్ధమైన దృశ్యం కూడా ఈ ప్రాంతం చూసింది. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 1977లో చట్టబద్ధమైన విద్యార్థి సంఘాలను రద్దు చేసింది. 2012లో గాని తిరిగి ఇవ్వలేదు. ఆ 35 ఏళ్ళూ అధికారం లేకపోయినా, ప్రతి విభాగంలోనూ పాత విద్యార్థులు తమంతట తామే ముందుకు వచ్చి కొత్తవారికి పాఠ్యక్రమం వివరించడం, ఊరు చూపించడం మానలేదు. కొత్తవారిని రెండు మూడు రోజులు నల్ల అడవిలోని కుటీరాలకు తీసుకొనిపోయి, కలిసి వండుకొని తిని పరిచయాలు పెంచుకొనే ఆనవాయితీ ఇప్పటికీ ఉన్నది. ఆ పని చేసేవారికి జీతం లేదు. తాము ఫలానా ఇంటివారమనే పట్టీ కూడా లేదు.

పట్టీ విప్పివేసే పద్ధతి

ఇప్పటివరకు చూసిన వాటిలో ఏదీ మనకు పూర్తి జవాబు ఇవ్వలేదు. ఇల్లు ఎన్నుకున్న మార్గదర్శి ఇంటి లాభం చూస్తాడు. అధికారం నియమించినవాడు అధికారం లాభం చూస్తాడు. ఈ చిక్కును విప్పడానికి ఒక నియమం కనిపెట్టినది అమెరికా విద్యార్థినులు. మన సావనీరు చదివేవారిలో చాలామంది పిల్లలు ఆ దేశపు కాలేజీలలో చదువుతున్నారు కనుక ఆ సంగతి కొంచెం వివరంగా చెబుతాము.

అక్కడి విద్యార్థినుల సంఘాలను ‘సొరోరిటీ’లు అంటారు. సోదరి అనే లాటిన్ మాట దీనికి మూలం. 1874లో సిరాక్యూస్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన గామా ఫై బీటా సంఘం కోసం లాటిన్ ఆచార్యుడు ఫ్రాంక్ స్మాలీ ఈ మాట సూచించాడు. సంఘాలు పెరిగినకొద్దీ కొత్త అమ్మాయిల కోసం పోటీ పెరిగింది. ఆ పోటీకి ‘రష్’ అని పేరు వచ్చిందంటే అది ఎట్లా ఉండేదో ఊహించుకోవచ్చు. దానికి హద్దులు పెట్టాలని 1902లో షికాగోలో ఏడు సంఘాలు సమావేశమైనాయి. అదే తరువాత జాతీయ పాన్‌హెలెనిక్ సమాఖ్యగా ఎదిగింది.

ఈ ప్రవేశాల రోజులలో కొత్త అమ్మాయిలకు తోడుగా ఉండే సీనియర్లను ‘రిక్రూట్‌మెంట్ కౌన్సెలర్లు’ అంటారు. వీరిని ఒక్కొక్క సంఘం తనకు తాను పంపదు. కాలేజీలోని సంఘాలన్నిటికీ ఉమ్మడిగా ఉండే మండలి ఎంపిక చేస్తుంది. వివరాలు కాలేజీని బట్టి మారినా, క్రమం ఇంచుమించు ఇది. కొన్ని నెలల ముందే ప్రకటన వేస్తారు. తగిన మార్కులు ఉండి, క్రమశిక్షణ విషయంలో మచ్చలేని సభ్యురాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటారు. ఇంటర్వ్యూలు జరుగుతాయి. ఒక అమ్మాయి ఏడుస్తూ వస్తే ఏం చేస్తావు, నీ సొంత సంఘం గురించి అడిగితే ఏం చెబుతావు, ఇట్లాంటి ప్రశ్నలకు వచ్చే జవాబులను చూస్తారు. ధాటిగా మాట్లాడేవారికంటే ఓపికగా వినేవారికే ఈ పని నప్పుతుంది. ఎంపికైనవారికి శిక్షణ ఉంటుంది.

అసలు కిటుకు దీని తరువాతిది. ప్రవేశాలు జరిగినంత కాలం ఆ కౌన్సెలరు తన సంఘంతో సంబంధం తెంచుకొని ఉండాలి. బ్యాడ్జీ తీసివేస్తుంది. సంఘం సమావేశాలకు వెళ్ళదు. తాను ఏ ఇంటి ఆడపడుచో కొత్తవారికి చెప్పదు. ఒక ఇంటివారు తిరిగి పిలవలేదన్న చేదువార్త కొత్త అమ్మాయికి చెప్పి, కన్నీళ్ళు తుడిచి, ఎటు పోవాలో ఆ అమ్మాయే నిర్ణయించుకొనేలా చూడడం ఆమె పని. ఫలితాలు వచ్చిన రోజున తిరిగి తన ఇంటికి పోతుంది. ఈ నియమం అన్నిచోట్లా ఒకే తీరున లేదు, కొన్ని కాలేజీలలో సడలించారు కూడా. అయినా ఇందులోని ఆలోచన గొప్పది. కొత్తవారి పక్కన నిలబడేవారు తమ ఇంటి జెండాను కొంతకాలం మడిచి పెట్టెలో పెట్టాలి.

అయితే మార్గదర్శి ఎంత నిష్పక్షపాతంగా ఉన్నా, ఇల్లే తలుపు వేసుకుంటే ఏమవుతుంది? అలబామా విశ్వవిద్యాలయంలో 2013 సెప్టెంబరులో విద్యార్థుల పత్రిక ‘క్రిమ్సన్ వైట్’ ఒక విషయం బయటపెట్టింది. చదువులో ఎంతో ముందున్న నల్లజాతి అమ్మాయిని, లోపలి సభ్యులు కావాలన్నా, పూర్వ విద్యార్థినులు అడ్డుపడి చేరనివ్వలేదని ఆ సభ్యులే చెప్పారు. విశ్వవిద్యాలయం జోక్యం చేసుకొని ప్రవేశాలను మళ్ళీ తెరిపించింది. ఇటువంటి అనుభవాల వల్లనే నల్లజాతి విద్యార్థినులు 1908లోనే హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే సొంత సంఘం పెట్టుకున్నారు. భారత సంతతి అమ్మాయిలు కూడా 1998లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో కప్పా ఫై గామా సంఘాన్ని ఆరంభించారు.

మన ఇంటి సంగతి

మన తెలుగు దేశంలో ఈ కథ ఎట్లా నడిచింది? పూర్వం వారాలు చేసుకొని చదివే పిల్లలకు ముందు నుంచి ఊళ్ళో ఉన్న విద్యార్థులే ఆసరా. తరువాత కులాలవారీగా వసతిగృహాలు వచ్చాయి. 1918లో హైదరాబాదులో వెంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు అందులో పేరెన్నిక గన్నది. ఆ వసతిగృహాలు ఎందరో పల్లెటూరి పిల్లలకు చదువు ప్రసాదించాయి. వాటి మేలును కాదనలేము. కాని మనవాడికి మనవాడే చేయి అందించడం అనే అలవాటు కూడా అక్కడే గట్టిపడింది.

కాలేజీలలో ర్యాగింగు పెరిగాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లో దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 2009లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం దేశమంతటికీ నిబంధనలు విధించింది. అందరికీ అందులో శిక్షలే గుర్తుంటాయి. మాకు నచ్చినది మరొక ఏర్పాటు. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన సీనియర్లతో మార్గదర్శక బృందం ఏర్పరచాలి. ఆరుగురు కొత్తవారికి ఒక మార్గదర్శి, అటువంటి ఆరుగురు మార్గదర్శులకు పై తరగతి నుంచి మరొక మార్గదర్శి. కాగితం మీద ఇది చక్కని లెక్క. అయినా 2015లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఒక మొదటి సంవత్సరపు విద్యార్థిని ప్రాణం పోయినప్పుడు, ర్యాగింగు ఆరోపణలతో రాష్ట్రమంతా కలవరపడింది. ఆరుగురికి ఒకరు అన్న అంకె ఉంటే చాలదు. ఆ ఒకరు ఎవరు, ఎవరి మనిషి అన్నదే అసలు ప్రశ్న.

మనవి

ఇక మన సంఘాల మాట. విదేశాలలో ప్రతి ఊళ్ళోనూ మనవారు కొత్తగా దిగిన పిల్లలను స్టేషనులో కలుసుకుంటారు, పప్పు అన్నం పెడతారు, గది వెతికి పెడతారు. ఇంతకంటే మంచిపని లేదు. కాని ఆ పప్పు అన్నం తినేలోపే పిల్లలను అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మీదే జిల్లా? ఇంటిపేరు ఏమిటి? మీ వాళ్ళు ఫలానా వారికి ఏమవుతారు? అడిగేవారు ఆప్యాయంగానే అడుగుతారు. కాని ఆ జవాబులను బట్టి పిల్లవాడు ఏ ఇంటి పండుగకు పోవాలో, ఏ ఇంటికి పోకూడదో నిర్ణయమైపోతుంది. కొందరు పిల్లలకు ఆ తరువాత పిలుపే రాదు. కొమ్ముల టోపీ లేకపోవచ్చు, రంపం మాత్రం ఉన్నట్లే.

అందుచేత మేము సంఘాల పెద్దలకు మూడు మాటలు మనవి చేస్తున్నాము. కొత్తవారిని కలుసుకొనే బాధ్యతను ఒక్క వర్గానికి వదలక, అందరూ కూర్చొని, ఆ పనికి ఇష్టపడి ముందుకు వచ్చినవారిలో ఓపికగా వినే గుణం గలవారిని ఎంపిక చేయండి. ఆ పనిలో ఉన్నంత కాలం వారు తమ జిల్లాను, కులాన్ని, పార్టీని, అభిమాన నటుడిని కూడా పక్కన పెట్టాలని ముందే చెప్పండి. ఇక మనసులోని మాట చెప్పుకొనే అన్ననో అక్కనో ఎంచుకొనే స్వేచ్ఛను మాత్రం, ఇక్కడి నక్కపిల్లలకు ఉన్నట్లే, మన పిల్లలకే వదిలివేయండి.

యోహాన్నా కాపెస్ అర్జీతో విశ్వవిద్యాలయపు తలుపు తెరుచుకున్నది. ఆ తలుపు దాటి వచ్చిన పిల్లను ఇంటిపేరు అడగకుండా లోపలికి తీసుకుపోయే పని మాత్రం ఏ ప్రభుత్వమూ చేయలేదు. అది ముందుగా వచ్చిన మన పని.